ఒకేసారి రెండర్ చేయాలా, పొరలుగా తీసి కలపాలా? త్రీడీ బొమ్మలు, యానిమేషన్ చేసేవారికి ఎంపిక సలహా

పోయినేడాది ఒక పిల్లల కథకు ముఖచిత్రం చేశాను. చెరువు గట్టు, గట్టు మీద మర్రిచెట్టు, చెట్టు కింద లాంతరు పెట్టుకుని కూర్చున్న అవ్వ. వేళ సాయంత్రం. అంతా త్రీడీలో కట్టి, రెండర్ కోసం, అంటే ఆ సీన్‌ను లెక్కగట్టి బొమ్మగా తీయడం కోసం, రాత్రంతా కంప్యూటర్‌ను నడిపి, పొద్దున్నే ఫైల్ పంపాను. మధ్యాహ్నానికి ఫోన్ వచ్చింది. "చాలా బాగుందండీ. కాకపోతే సాయంత్రం బదులు రాత్రి చేస్తే ఎలా ఉంటుంది? లాంతరు వెలుగు ఇంకాస్త కనబడాలి." ఆ ఒక్క "కాకపోతే" నాకు ఇంకో రాత్రి ఖర్చు. లైట్లను ముందే విడివిడిగా రెండర్ చేసుకుని ఉంటే అది పది నిమిషాల పని.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ముందుగా అడిగేది "బ్లెండరా, మాయానా?" అని. రెండూ త్రీడీ సాఫ్ట్‌వేర్లు. నా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటిది, రెండర్ అయిపోయాక ఏమేం మార్చాల్సి రావచ్చు? రెండోది, మార్చమని అడిగేది ఎవరు, మీరేనా, ఇంకొకరా? ఈ రెండూ తేల్చుకుంటే ఏ సాఫ్ట్‌వేర్ అనేది చాలావరకు దానంతటదే తేలుతుంది. అందుకే ఆ వరసలోనే చెబుతాను.

కలిపేసిన పులిహోర, ఆకులో వడ్డించిన భోజనం

త్రీడీ దృశ్యం తయారు చేయడానికి స్థూలంగా రెండు దారులున్నాయి. చెట్టు, నీరు, మనిషి, పొగమంచు, వెలుగు అన్నీ ఒకే సీన్‌లో పెట్టి, కెమెరాకు ఎలా కనబడితే అలా బొమ్మ తీసేయడం ఒకటి. అదే సీన్‌ను పొరలుగా విడదీసి రెండర్ చేసి, తర్వాత వాటిని పేర్చి, రంగులు సరిచేసి ఒక్క బొమ్మగా కలపడం రెండోది. ఆ పేర్చి కలిపే పనే కంపోజిటింగ్.

పులిహోర కలిపాక ఉప్పు తక్కువైతే పైన చల్లుకోవచ్చు, పులుపు ఎక్కువైతే తీయలేం. మొదటి దారి అలాంటిది. ఆకులో అన్నం, పప్పు, కూర, పులుసు విడిగా వడ్డిస్తే ఎవరికి కావలసినట్టు వాళ్లు కలుపుకుంటారు. కానీ తర్వాత తోమాల్సిన గిన్నెలు చాలా ఉంటాయి. రెండో దారి గొప్పగా నేర్పేవాళ్లు ఈ గిన్నెల సంగతి ఎత్తరు.

మొదటి దారిని తక్కువ చేసి చూడకండి. లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ తీసిన 'ఫ్లో' 2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకుంది. దాన్ని బ్లెండర్‌లో చేసి, అందులోనే ఉన్న ఈవీ రెండరర్‌తో రెండర్ చేశారు. రెండర్ ఫార్మ్, అంటే రెండర్ కోసమే పెట్టిన కంప్యూటర్ల గుంపు, వాడలేదు, దర్శకుడి సొంత కంప్యూటరే ఆ పని చేసింది. ఒక్కో ఫ్రేమ్‌కు పట్టింది అర సెకను నుంచి పది సెకన్లు. ఇక్కడ మనకు కావలసిన విషయం, అందులో కంపోజిటింగే లేదు. రంగుల సర్దుబాటంతా షేడర్లలోనే, అంటే వస్తువు పైభాగం ఎలా కనబడాలో చెప్పే అమరికల్లోనే, జరిగిపోయింది. అక్కడ అది సాగడానికి నాకు కనబడే కారణాలు రెండు. బొమ్మ తీరు రంగులు పూసినట్టుగా ఉంటుంది, ఫొటోలా ఉండాలన్న పట్టుదల లేదు. ఇక, ఇది బాగుంది, ఇది మార్చు అని చెప్పే మనిషీ, రెండర్ బటన్ నొక్కే మనిషీ ఒకరే.

మీ పరిస్థితి కూడా అదే అయితే, అంటే సొంత షార్ట్ ఫిల్మ్, సొంత యూట్యూబ్ కథ, సొంత బొమ్మల పుస్తకం అయితే, పొరల జోలికి పోకండి. ఆ సమయం లైటింగ్ మీద పెట్టండి. నిజం మనుషులను తీసిన షాట్‌లో త్రీడీ వస్తువు కలపాలంటే మాత్రం రెండో దారి తప్పదు. ప్రకటనలు, పుస్తక ప్రచురణ లాంటి చోట్ల, అంటే "కాకపోతే" అనే మనిషి అవతలి వైపు ఉన్న ప్రతి పనిలోనూ, కొన్ని పొరలైనా తీసి పెట్టుకోవడం మేలు. ఎన్ని, ఏవి అనేదే అసలు తిరకాసు.

ముందుగా విడదీయాల్సినవి లైట్లు

ఒక్కటే పొర తీసే ఓపిక ఉంటే లైట్ గ్రూపులు, అంటే ఒక్కో లైటు వెలుగును విడిగా దాచే పొరలు, తీయండి అంటాను. ఎందుకో చెబుతాను.

వెలుగు కూడికలా పనిచేస్తుంది. గోడ మీద వెన్నెల ఇంత, లాంతరు వెలుగు అంత పడితే, రెండూ ఉన్నప్పుడు కనబడేది ఆ రెండింటి మొత్తమే. కాబట్టి వెన్నెలతో ఒక బొమ్మ, లాంతరుతో ఒక బొమ్మ విడిగా తీసి కంపోజిటర్‌లో కూడితే, రెండూ వెలిగించి ఒకేసారి తీసిన బొమ్మే వస్తుంది. ఇప్పుడు లాంతరు బొమ్మను రెండుతో గుణించండి, లాంతరు రెట్టింపు వెలుగుతుంది. నారింజ రంగుతో గుణించండి, మంట రంగు మారుతుంది. సాయంత్రపు ఆకాశాన్ని పదో వంతుకు తగ్గించి కాస్త నీలం కలపండి, రాత్రి అవుతుంది. అవ్వ ముఖం మీద, మర్రి ఊడల మీద, నీళ్లలో ప్రతిబింబం మీద, అన్నిచోట్లా ఆ మార్పు ఉండాల్సినట్టే ఉంటుంది. ఫొటో ఎడిటర్‌లో రంగులు తిప్పి రాత్రి చేయబోతే ఈ ఫలితం రాదు. అక్కడ లాంతరు కూడా ఆకాశంతో పాటే మసకబారుతుంది.

అయితే ఈ కూడిక కుదరాలంటే అంకెలు వెలుగుకు సరిసమానమైన నిష్పత్తిలో ఉండాలి. స్క్రీన్ మీద అందంగా కనబడడానికి సాఫ్ట్‌వేర్ చివర్లో ఒక మార్పు చేస్తుంది, వెలుగును వంచి, కాంట్రాస్ట్ సరిచేసి చూపిస్తుంది. బ్లెండర్‌లో 4.0 నుంచి ఆ పని ఏజీఎక్స్ అనేది చేస్తోంది, అంతకుముందు ఫిల్మిక్ ఉండేది. ఆ వంపు తర్వాత భద్రపరిచిన పీఎన్‌జీ ఫైళ్లను కూడితే లెక్క తప్పుతుంది, వెలుగున్న చోట్లు సున్నం కొట్టినట్టు తెల్లబోతాయి. అందుకే ఈ పనికి ఓపెన్ ఈఎక్స్‌ఆర్ ఫైళ్లు. హాలీవుడ్ సినిమాలకు గ్రాఫిక్స్ చేసే ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ తన సొంత అవసరానికి చేసుకుని 2003లో అందరికీ ఇచ్చేసిన ఫార్మాట్ ఇది. వెలుగు అంకెలను వంచకుండా దాచుకుంటుంది, ఒకే ఫైల్‌లో ఎన్ని పొరలైనా పెట్టుకోవచ్చు.

బ్లెండర్‌లో లైట్ గ్రూపులు 2022లో, 3.2 వెర్షన్‌తో వచ్చాయి. అవి సైకిల్స్ రెండరర్‌కే పనిచేస్తాయి, ఈవీకి కాదు. ఈవీ వాడేవాళ్లు ఒక్కో లైటునూ ఆర్పి, వెలిగించి, విడివిడిగా రెండర్ చేసి కూడుకోవచ్చు. ఈవీ వేగం ముందు అదేమంత భారం కాదు. మాయాలో ఆర్నాల్డ్ రెండరర్ వాడేవాళ్లకు ఈ లైట్ గ్రూపులు అందులోనే ఉన్నాయి.

రెండోది క్రిప్టోమ్యాట్. పేరు చూసి భయపడకండి. సీన్‌లోని ప్రతి వస్తువుకూ ఒక ముసుగు ఇస్తుంది, అంతే. అవ్వ చీర రంగు మార్చాలంటే కంపోజిటర్‌లో చీర మీద క్లిక్ చేస్తే చీర ఒక్కటే ఎంపికవుతుంది. కదలిక వల్ల చెదిరిన అంచులు, ఫోకస్ లేక మసకబారిన అంచులు కూడా సరిగ్గా వస్తాయి. దీనితో నేను తిన్న దెబ్బ ఒకటుంది. లాంతరు మంటను ఎంచుకుందామని క్లిక్ చేస్తే మంట దొరకలేదు, దాని చుట్టూ ఉన్న గాజు చిమ్నీ దొరికింది. కెమెరా నుంచి వచ్చే కిరణానికి ముందు తగిలిన వస్తువు పేరే ఇది రాసుకుంటుంది. గాజు వెనక ఉన్నవి, నీళ్ల అడుగున ఉన్నవి దీనికి కనబడవు. అలాంటి వాటి కోసం లైట్ గ్రూపే వాడుకోవాలి.

మూడోది మిస్ట్, అంటే దూరాన్ని బట్టి మసకబారే పొర. చెరువు అవతలి గట్టు మీద మంచు పెంచాలా, తగ్గించాలా అనేది రెండర్ అయ్యాక తేల్చుకోవచ్చు.

ఇక్కడితో ఆగండి. డిఫ్యూజ్, గ్లాసీ, ట్రాన్స్‌మిషన్, వాటిలో మళ్లీ డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ అంటూ జాబితా చాలా పొడుగ్గా ఉంటుంది. మొదట్లో కనబడిన ప్రతి గడికీ టిక్కు పెట్టేదాన్ని. హార్డ్ డిస్క్ నిండింది తప్ప వాటిలో సగం ఒక్కసారి కూడా తెరవలేదు. ఫ్రేమ్‌కు 40 ఎంబీ అనుకున్నా, సెకనుకు 24 చొప్పున నిమిషం యానిమేషన్‌కు 1,440 ఫ్రేములు, అంటే 57 జీబీ దాటిపోతుంది.

పాత్రనూ వెనక దృశ్యాన్నీ వేరు లేయర్లుగా విడదీయడం ఇంకో పద్ధతి. యానిమేషన్‌లో వెనక దృశ్యం కదలకుండా ఉంటే దీనంత పొదుపు మరొకటి లేదు. చెరువు, చెట్టు ఒక్క ఫ్రేమ్ రెండర్ చేసి, దాని మీద అవ్వను మాత్రమే ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ వేసుకోవచ్చు. తోలుబొమ్మలాటలో వెనక తెర అలాగే ఉండి బొమ్మలు మాత్రమే ఆడినట్టు. కానీ అవ్వను గట్టు లేయర్ నుంచి తీసేస్తే ఆమె నీడ కూడా పోతుంది, మనిషి గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. సైకిల్స్‌లో అవ్వ ఉన్న కలెక్షన్‌ను (వస్తువుల గుంపును) గట్టు లేయర్‌లో 'ఇన్‌డైరెక్ట్ ఓన్లీ' చేస్తే మనిషి కనబడదు, నీడా ప్రతిబింబమూ మిగులుతాయి. అవ్వ కదిలితే నీడా కదులుతుంది కాబట్టి, ఆ నీడ పడే కాస్త చోటును మాత్రం ప్రతి ఫ్రేమ్‌కూ రెండర్ చేయాల్సిందే. కెమెరా కదిలితే ఈ పొదుపంతా వదులుకోవాల్సిందే.

సైకిల్సా, ఈవీనా

రెండూ బ్లెండర్‌తో ఉచితంగానే వస్తాయి. సైకిల్స్ వెలుగు కిరణాలను ఒక్కొక్కటిగా వెంబడించి లెక్కిస్తుంది. ఈవీ వీడియో గేముల పద్ధతిలో, కంటికి చాలినంత నిజాన్ని త్వరగా గీస్తుంది.

లెక్క చూద్దాం. సైకిల్స్‌లో ఫ్రేమ్‌కు 5 నిమిషాలు అనుకుంటే నిమిషం యానిమేషన్‌కు 120 గంటలు, సరిగ్గా ఐదు రోజులు. ఈవీలో ఫ్రేమ్‌కు 10 సెకన్లు అనుకుంటే 4 గంటలు. కంప్యూటర్ 400 వాట్లు లాగితే మొదటిదానికి 48 యూనిట్ల కరెంటు, రెండోదానికి 1.6 యూనిట్లు. ఇంట్లో కూర్చుని పనిచేసే వాళ్లకు కరెంటు బిల్లు స్లాబు మారడం కూడా సాఫ్ట్‌వేర్ ఎంపికలో భాగమే.

ఈవీ ఎక్కడ చేతులెత్తేస్తుందో మన చెరువు దగ్గరే చూడొచ్చు. మర్రిచెట్టు కొమ్మలు ఫ్రేమ్ పైన బయటకు పోయాయి అనుకోండి. నీళ్లలో ఆ కొమ్మల ప్రతిబింబం కనబడాలి. సైకిల్స్ దాన్ని ఏమీ చెప్పకుండానే చూపిస్తుంది. ఈవీ 2024 జూలైలో బ్లెండర్ 4.2తో కొత్తగా రాయబడి ఎంతో మెరుగైంది, అయినా దాని ప్రతిబింబాలు స్క్రీన్ మీద ఉన్నదాని నుంచే వస్తాయి. ఫ్రేమ్‌లో లేని కొమ్మ నీళ్లలోనూ ఉండదు. నీటి మీద ప్లేన్ ప్రోబ్, అంటే ప్రతిబింబాన్ని విడిగా పట్టే పలక, పెట్టి సరిచేయవచ్చు గానీ, అది పెట్టాలని మీకు గుర్తుండాలి. గాజు చిమ్నీలో లాంతరు, ఇత్తడి బిందె, చర్మంలోకి దిగే వెలుగు, ఇలాంటి చోట్లన్నీ ఈవీకి ఏదో ఒక చిట్కా అందించాలి.

సైకిల్స్ బాధ వేరు. కిరణాలు తక్కువైతే బొమ్మ మీద ఇసుక చల్లినట్టు ఉంటుంది. బ్లెండర్ 2.81 నుంచి వస్తున్న, ఆ ఇసుకను తుడిచే ఇంటెల్ ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్ ఒక్క బొమ్మకు అద్భుతంగా పనిచేస్తుంది. యానిమేషన్‌లో మాత్రం ప్రతి ఫ్రేమ్‌నూ విడిగా శుభ్రం చేస్తుంది కాబట్టి ఆకులు, గడ్డి, నేత చీర లాంటి చోట్ల ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ రూపు కొద్దిగా మారి, అక్కడ ఏదో ఉడుకుతున్నట్టు కనబడుతుంది. శాంపిళ్లు, అంటే పిక్సెల్‌కు లెక్కించే కిరణాలు, పెంచడం తప్ప సులువైన మందు నాకు దొరకలేదు.

కాబట్టి ఒక్క బొమ్మ అయితే సైకిల్స్, ఇందులో ఆలోచించడానికేమీ లేదు. నలభై నిమిషాలు పట్టినా ఒక్కసారే కదా, ఆలోగా భోజనం చేసి రావచ్చు. యానిమేషన్ అయితే ఈవీతో మొదలుపెట్టండి. ఒక షాట్‌లో ఎంత తంటాలు పడినా కుదరకపోతే ఆ షాట్ ఒక్కటే సైకిల్స్‌కు మార్చండి. రెండింటికీ మెటీరియల్స్ చాలావరకు ఒకటే కాబట్టి ఇది సాధ్యం. కాకపోతే పక్కపక్క షాట్లలో లైటింగ్ తేడా కొట్టకుండా చూసుకోవాలి.

అచ్చుకు వెళ్లే బొమ్మ అయితే

స్క్రీన్ కోసం చేసేవాళ్లు ఈ భాగం వదిలేయవచ్చు.

హెచ్‌డీ ఫ్రేమ్ అంటే 1920×1080, సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు. ఏ4 పేజీ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 2480×3508, దాదాపు 87 లక్షలు. పిల్లల పుస్తకంలో రెండు పేజీలూ నిండే బొమ్మ ఏ3 అనుకుంటే 1.74 కోట్లు, అంటే హెచ్‌డీకి ఎనిమిది రెట్లు పైనే. చుట్టూ కత్తిరింపు కోసం వదిలే 3 మిల్లీమీటర్లు దీనికి అదనం. స్క్రీన్ మీద 5 నిమిషాల్లో వచ్చిన బొమ్మ అచ్చు సైజులో 40 నిమిషాలు తీసుకుంటే కంగారు పడకండి, అది మామూలే. అయితే గ్రాఫిక్స్ కార్డు మెమరీ చాలదని మధ్యలో ఆగిపోవచ్చు. అప్పుడు సీపీయూకి మార్చుకోండి. నెమ్మదే, కానీ మామూలు ర్యామ్ వాడుకుంటుంది కాబట్టి పని పూర్తవుతుంది.

బ్లెండర్ నుంచి వచ్చేది ఆర్‌జీబీ బొమ్మే, అంటే స్క్రీన్ రంగుల బొమ్మ. ప్రెస్సు అడిగేది సీఎంవైకే, అంటే అచ్చు సిరాల రంగులు. బొమ్మలు గీసే క్రిటాలోనో ఫొటోషాప్‌లోనో మార్చుకోవాలి. ఆ మార్పులో వెన్నెల నీలం, పచ్చి పొలం ఆకుపచ్చ రెండూ చప్పబడిపోతాయి. కొంత కంపోజిటింగ్ దశలోనే చూసుకోవచ్చు, కొంతకు సిద్ధపడే ఉండాలి.

ఇలస్ట్రేటర్లకు మూడో దారి ఒకటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. త్రీడీని అడుగున పెట్టి పైన చేత్తో గీయడం. గట్టు, చెట్టు, బండి, ఇళ్లు బొమ్మరిల్లులా సాదాగా త్రీడీలో కట్టి, లైటు పెట్టి, మామూలు రెండర్ ఒకటి తీస్తాను. దాన్ని క్రిటాలో తెరిచి, అవ్వ ముఖం, చీర మడతలు, ఆకులు చేత్తో వేస్తాను. పర్‌స్పెక్టివ్, నీడలు కంప్యూటర్ చూసుకుంటుంది, ప్రాణం చెయ్యి పోస్తుంది. అదే ఊరు పన్నెండు పేజీల్లో పన్నెండు కోణాల్లో కనబడాల్సినప్పుడు ఈ పద్ధతి విలువ తెలుస్తుంది. గుడి గోపురం ఒక పేజీలో ఎడమన, ఇంకో పేజీలో పొరపాటున కుడిన ఉండదు. క్రిప్టోమ్యాట్ ఇక్కడ కూడా పనికొస్తుంది, ఒక్కో వస్తువు అంచు దాటకుండా రంగు పూసుకోవచ్చు. గీత కూడా కదలాలనుకుంటే బ్లెండర్‌లోనే గ్రీజ్ పెన్సిల్ ఉంది, త్రీడీ సీన్ మధ్యలో చేత్తో గీసిన పాత్రను నిలబెట్టవచ్చు.

ఎక్కడ కలపాలి

పొరలు తీశారు. వాటిని కలపడానికి ఐదు చోట్లున్నాయి, అయితే వాటిని నేను సమానంగా చూడను.

ముందు ఒక భేదం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ లేయర్ల పద్ధతి, ఫొటోషాప్ తెలిసినవాళ్లకు వెంటనే వస్తుంది. న్యూక్, ఫ్యూజన్, నాట్రాన్, బ్లెండర్ కంపోజిటర్ నోడ్ల పద్ధతి. ఒక్కో పనికి ఒక్కో డబ్బా, డబ్బాల మధ్య తీగలు. నాలుగు పొరలుంటే లేయర్లు హాయి. పదిహేను పొరలుండి, ఒకే ముసుగు మూడు చోట్ల వాడాల్సి వస్తే నోడ్లలోనే దారి కనబడుతుంది.

బ్లెండర్ సొంత కంపోజిటర్‌ను ఒకప్పుడు నెమ్మది అని వెక్కిరించేవాళ్లు. 3.5లో మార్పులు వ్యూపోర్ట్‌లో, అంటే సీన్ కనబడే కిటికీలో, అప్పటికప్పుడు కనబడడం, 4.2లో గ్రాఫిక్స్ కార్డు మీద నడవడం మొదలయ్యాక ఆ మాట పాతబడింది. ఇలస్ట్రేషన్‌కు ఇది చాలు. ఇంకోటి నేర్చుకోవాల్సిన పనే లేదు.

యానిమేషన్‌కు నేను చెప్పేది డావించీ రిజాల్వ్. దాని లోపలి కంపోజిటర్ ఫ్యూజన్ ఒకప్పుడు విడి సాఫ్ట్‌వేర్. 2014లో బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ దాన్ని కొని, 2018లో రిజాల్వ్ 15లో కలిపేసింది. ఉచిత వెర్షన్‌లోనే ఎడిటింగ్, కంపోజిటింగ్, రంగులు, ధ్వని అన్నీ ఉన్నాయి. అందులో అల్ట్రా హెచ్‌డీ దాకా అవుట్‌పుట్ ఇస్తుంది, యూట్యూబ్‌కు, చాలా ప్రకటనలకు అంతకు మించి అక్కర్లేదు. కాస్త మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే మాత్రం విసిగిస్తుంది.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కు నెలనెలా చందా కట్టాలి. అక్షరాలు, లోగోలు, మోషన్ గ్రాఫిక్స్ మీ రోజువారీ పని అయితే దానికి సాటి లేదు. త్రీడీ పొరలు కలపడానికే అయితే ఆ డబ్బు పెట్టమని చెప్పను.

న్యూక్ పెద్ద స్టూడియోల భాష. డిజిటల్ డొమైన్ అనే హాలీవుడ్ సంస్థలో పుట్టి, 2007లో ఫౌండ్రీ చేతికి వచ్చింది. డబ్బు తీసుకోని పనులకు ఉచిత వెర్షన్ ఉంది. అందులో అవుట్‌పుట్ 1920×1080 దాటదు. నేర్చుకోవడానికి అది చాలు. నాట్రాన్ ఉచితం, న్యూక్ వాడినవాళ్లకు అలవాటైన తీరులో ఉంటుంది, కానీ దాని అభివృద్ధి నత్తనడక. దాని మీద ఆధారపడి క్లయింట్ పని ఒప్పుకోవడం నాకు ధైర్యం చాలదు.

ఏది వాడినా అందరూ కొట్టుకునే గోడ ఒకటుంది. జుట్టు చుట్టూ, ఆకుల చుట్టూ నల్లటి అంచు. పారదర్శకంగా ఉండే అంచు పిక్సెల్‌లో రంగును ఆల్ఫాతో, అంటే అది ఎంత పారదర్శకమో చెప్పే అంకెతో, ముందే గుణించి దాచడం ఒక పద్ధతి, గుణించకుండా దాచడం ఇంకో పద్ధతి. ముందే గుణించే పద్ధతినీ, 'ఓవర్' (ఒక బొమ్మను ఇంకోదాని మీద వేయడం) లాంటి కంపోజిటింగ్ క్రియల లెక్కనూ 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఒక పత్రంలో స్థిరపరిచారు. అన్ని సాఫ్ట్‌వేర్లూ ఇప్పటికీ ఆ లెక్క మీదే నడుస్తున్నాయి. ఈఎక్స్‌ఆర్ ఫైళ్లు మామూలుగా గుణించినవే, పీఎన్‌జీ ఫైళ్లు గుణించనివి. ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే నల్ల అంచో తెల్ల అంచో వస్తుంది. గుణించిన బొమ్మ మీద రంగులు మార్చే ముందు విడదీసి, మార్చాక మళ్లీ గుణించాలి. ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ దానికి ఒక బటన్ ఉంటుంది. నల్ల అంచును బ్రష్‌తో చెరపబోకండి, 1,440 ఫ్రేములు చెరపాలి.

ఇప్పుడు మూడో ప్రశ్న

ఒంటరిగా పనిచేసేవాళ్లకు, చిన్న బృందాలకు బ్లెండర్. దీని చరిత్ర ఒక చిన్న కథ. దాని వెనకున్న సంస్థ మూతపడ్డాక 2002లో, వాడుకరులు ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగేసి దాన్ని విడిపించి అందరిదీ చేశారు. ఉచితం కాబట్టి చెప్పడం లేదు. మోడలింగ్, యానిమేషన్, రెండరింగ్, కంపోజిటింగ్ ఒకే కిటికీలో ఉండడం వల్ల "కాకపోతే" అన్నప్పుడు వెనక్కి వెళ్లడం తేలిక.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో స్టూడియో ఉద్యోగం మీ లక్ష్యం అయితే మాయా, న్యూక్ నేర్చుకోండి. మీకు నచ్చినా నచ్చకపోయినా ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా అడిగేవి అవే. నీళ్లు, నిప్పు, దుమ్ము, కూలే గోడలు మీకు ఇష్టమైతే హుడిని. దాని అప్రెంటిస్ వెర్షన్ డబ్బు తీసుకోకుండా నేర్చుకోవడానికి ఇస్తారు. ప్రకటనల మోషన్ గ్రాఫిక్స్‌కు సినిమా 4డీ. గేములు చేసే అన్‌రియల్ ఇంజిన్ 5లో లూమెన్ అనే లైటింగ్ పద్ధతి వల్ల వెలుగు అక్కడికక్కడే కనబడుతుంది, పొడుగు ఎపిసోడ్లు చేసే బృందాలకు ఆలోచించదగ్గదే. అయితే ఒక్క ముఖచిత్రానికి దాన్ని దించడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు

యానిమేషన్‌ను నేరుగా ఎంపీ4గా రెండర్ చేయకండి. ఒకసారి తొమ్మిది వందల ఫ్రేములు దాటాక కరెంటు పోయింది. ఆ ఎంపీ4 మళ్లీ తెరుచుకోలేదు. ఫ్రేమ్‌కు ఒక ఫైల్ చొప్పున ఈఎక్స్‌ఆర్‌గానో పీఎన్‌జీగానో రాసుకుని ఉంటే, ఆగిన ఫ్రేమ్ నుంచి మళ్లీ నడిపేదాన్ని. ఇప్పుడు యూపీఎస్ కొనుక్కున్నాను, అయినా ఫ్రేములుగానే రాస్తాను.

రెండోది, ఏ దారి అనేది కాగితం మీద తేల్చకండి. మీ సీన్‌లో కష్టమైన చోటు ఎంచుకోండి, నాకైతే అది నీళ్లలో లాంతరు. ఒక్క సెకను, 24 ఫ్రేములు, ముందు ఈవీలో, తర్వాత సైకిల్స్‌లో రెండర్ చేయండి. రెండింటికీ పట్టిన సమయం రాసుకోండి. సైకిల్స్ దాంట్లో ఆకాశానికి ఒకటి, లాంతరుకు ఒకటి, రెండు లైట్ గ్రూపులు తీసి, కంపోజిటర్‌లో సాయంత్రాన్ని రాత్రి చేసి చూడండి. ఒక పూట పని. ఆ అంకెలను మొత్తం ఫ్రేములతో గుణించాకే క్లయింట్‌కు తేదీ చెప్పండి, దాని మీద ఇంకో రెండు రోజులు వేసుకుని.